ఒకరు గేర్‌బాక్స్ దించాలంటున్నారు, ఇంకొకరు ప్యాకింగ్ మారిస్తే చాలంటున్నారు

పేరు వద్దన్న ఒక పాఠకుడి ఉత్తరం ఇది. పొడవుగా ఉంది కాబట్టి సారాంశం ఇస్తున్నాను. ఆయన ఐదు నెలల కిందట అక్క భర్త దగ్గర 9 ఏళ్ల పాత పెట్రోల్ కారు కొన్నారు. మాన్యువల్ గేర్లు, 90,000 కిలోమీటర్లు తిరిగిన బండి. బావగారు ఎప్పుడో ఆదివారాలు తీసేవారు. ఈయన ఆఫీసుకి రోజూ 60 కిలోమీటర్లు నడుపుతున్నారు. మొదటి మూడు నెలలూ ఏ ఇబ్బందీ లేదు. తర్వాత సర్వీసింగ్‌లో ఆయిల్, ఫిల్టర్ మార్పించారు. కొద్ది రోజులకే పార్కింగ్‌లో అరచేయంత నల్లటి మరక. ఇప్పుడు రోజూ పొద్దున అదే దృశ్యం. ట్రాఫిక్‌లో ఆగితే కాలిన వాసన కూడా వస్తోంది. ఒక మెకానిక్ బండి కింద దూరి చూసి, క్రాంక్ (ఇంజిన్‌లో తిరిగే ఇరుసు) వెనక ఆయిల్ సీల్ పోయింది, గేర్‌బాక్స్ దించాలి అన్నాడు. ఇంకో మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, అదేం కాదు, ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ అని అది మార్చాడు. చుక్కలు తగ్గాయి గాని ఆగలేదు. బావగారేమో, పాత బండ్లన్నీ అంతే, పోసుకుంటూ తిరుగు అన్నారు. భార్యేమో, మీ బావ తెలిసే అంటగట్టారు, బండి ఇచ్చేటప్పుడు బానెట్ కింద కూడా అంత శుభ్రంగా కడిగించింది అందుకే, డబ్బు వెనక్కి అడగండి అంటున్నారు. అక్కతో మాటలు తగ్గిపోయాయి. "నన్ను మోసం చేసింది మెకానిక్కా, బావగారా? రిపేరు చేయించనా, అమ్మేయనా?" అని అడుగుతున్నారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మోసం అన్న మాట చాలా చోట్ల ఉంది గాని, ఆయిల్ ఎంత తగ్గుతోందో ఒక్క చోట కూడా లేదు. ముందు తెలియాల్సింది అది. నేల మీద మరకని బట్టి లీకేజీ ఎంతో చెప్పలేం. నున్నటి నేల మీద నాలుగు చుక్కలు పడినా అరచేయంత పరుచుకుంటాయి. అదే ఇంజిన్ నడుస్తూ ప్రెషర్ ఉన్నప్పుడు మాత్రమే కారే రకమైతే, ఆయిలంతా రోడ్డు మీదే పోయి పార్కింగ్‌లో చిన్న మరకే మిగులుతుంది.

కాబట్టి డిప్‌స్టిక్, అంటే ఇంజిన్‌లో ఆయిల్ మట్టం చూసే కడ్డీ, తీయండి. బండి చదునైన చోట ఉండాలి, ఇంజిన్ ఆపి పది నిమిషాలైనా కావాలి. ఒకసారి తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీసి చూడాలి. చాలా కార్లలో కింది గీతకీ పై గీతకీ మధ్య సుమారు 1 లీటరు తేడా ఉంటుంది. ఆయిల్ ఎక్కడిదాకా ఉందో, మీటర్ మీద ఎన్ని కిలోమీటర్లు ఉన్నాయో ఫోన్‌లో రెండు ఫొటోలు తీసి పెట్టుకోండి. వారం తర్వాత మళ్లీ చూడండి. 1,000 కిలోమీటర్లకి పావు లీటరు లోపే తగ్గుతుంటే నింపాదిగా వెతుక్కోవచ్చు. వారం తిరిగేసరికి అర లీటరు మాయమైతే మాత్రం, ఈ సంగతి తేలేదాకా ఆఫీసుకి వేరే దారి చూసుకోండి. నేల మీద అంతగా పడకుండానే మట్టం పడిపోతుంటే, స్టార్ట్ చేసినప్పుడు సైలెన్సర్ నుంచి నీలం రంగు పొగ వస్తోందేమో గమనించండి. వస్తే ఆయిల్ లోపల కాలిపోతోందని అర్థం. దానికి ఈ ప్యాకింగులూ సీళ్లూ మందు కాదు.

డాష్‌బోర్డు మీద ఆయిల్ డబ్బా బొమ్మతో ఎర్ర లైటు ఉంటుంది కదా, అది వెలిగేదాకా పరవాలేదని చాలామంది ధీమాగా ఉంటారు. అది ఆయిల్ తగ్గిందని ముందుగా చెప్పే లైటు కాదు. ప్రెషర్ పడిపోయిందని, అంటే బేరింగులకి ఆయిల్ అందడం లేదని చెప్పే లైటు. నడుస్తుండగా అది వెలిగితే, ఇల్లు పక్క వీధిలోనే ఉన్నా సరే, బండి పక్కకి తీసి ఇంజిన్ ఆపేయాలి.

ఇక మెకానిక్కుల సంగతి. ఇద్దరిలో ఒకరు అబద్ధం చెప్పి ఉండాలని మీరు అనుకుంటున్నారు. నాకలా అనిపించలేదు. వానకి ఇంటి కప్పు కారితే చుక్క పడే చోటే పగులు ఉండాలని లేదు కదా, ఇంజిన్‌దీ అదే కథ. ట్యాపెట్ కవర్ ఇంజిన్ నెత్తిన ఉంటుంది. దాని రబ్బరు ప్యాకింగ్ ఏళ్ల తరబడి వేడికి గట్టిపడి, గేర్‌బాక్స్ వైపు మూలలో వదిలేసిందనుకోండి. ఆయిల్ బ్లాక్ వెంట సన్నగా జారి, ఇంజినూ గేర్‌బాక్సూ కలిసే అతుకు దగ్గర చేరి, అక్కణ్ణుంచి చుక్కలుగా పడుతుంది. క్రాంక్ వెనక సీల్ పోయినా చుక్క పడేది ఆ అతుకు నుంచే. కింద పడుకుని చూసినవాళ్లకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. దానికి తోడు బండి నడుస్తుంటే గాలి ఆ ఆయిల్‌ని వెనక్కి కొట్టి, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబరంతా పులిమేస్తుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు కింది తడి చూసి తీర్పు చెప్పరు. తడిసిన చోట్లన్నిటిలోకీ పైన ఉన్నది ఏది, ముందున్నది ఏది అని చూస్తారు.

ప్యాకింగ్ మార్చాక చుక్కలు తగ్గాయని మీరే రాశారు. అంటే అక్కడ కారుతున్న మాట నిజమే. రెండో ఆయన తప్పు చెప్పలేదు. మరి మిగతా చుక్కలెక్కడివి? ఆయన ఇంజిన్ కడిగినట్టు మీరు రాయలేదు. కడగకపోతే, అంతకుముందు కారి సందుల్లో చేరిన ఆయిలే కొన్నాళ్లు దిగుతూ ఉంటుంది. లేదా కొత్త ప్యాకింగ్ సరిగ్గా కూర్చోలేదు. చాలా ఇంజిన్లలో టైమింగ్ కవర్, సిలిండర్ హెడ్ కలిసే మూలల్లో ప్యాకింగ్ కింద చిన్న బొట్టు సీలెంట్ పెట్టాలి. అది మరిచిపోతే సరిగ్గా ఆ మూలే కారుతుంది. పాత ప్యాకింగ్ ముక్కలు గాడిలో మిగిలిపోయినా అంతే. ఇంకో పొరపాటు, కారకూడదని బోల్టులు బలంగా బిగించేయడం. ఈ బోల్టులకి చాలా ఇంజిన్లలో 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల బిగింపు చాలు. చక్రాల నట్లకి పట్టేదాంట్లో పదో వంతు అన్నమాట. అంతకు మించితే రబ్బరు నలిగి పక్కకి తన్నుకొస్తుంది, ప్లాస్టిక్ కవర్ అయితే వంకర పోతుంది, అల్యూమినియంలో మరలు లేచిపోతాయి. మధ్య నుంచి అంచులకి, రెండు మూడు విడతలుగా, బిగింపు ఎంతో కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించాలి. ఆయన్ని నిందించకుండా ఈ ఒక్క ముక్క అడిగి చూడండి. మంచి మెకానిక్ అయితే నొచ్చుకోకుండా మళ్లీ విప్పి చూస్తాడు.

మీరు ఒక్క వాక్యంలో దాటేసిన విషయం దగ్గర నేను ఆగిపోయాను. మరక కనిపించడం మొదలైంది ఆయిల్, ఫిల్టర్ మార్పించిన కొద్ది రోజులకి. ఇద్దరు మెకానిక్కులకీ ఈ సంగతి చెప్పారా? చెప్పలేదనుకుంటాను. చెప్పి ఉంటే వాళ్లు ముందు చూడాల్సినవి డ్రైన్ బోల్టు (ఛాంబర్ అడుగున పాత ఆయిల్ దించడానికి విప్పేది), ఫిల్టర్. బోల్టు కింద రాగిదో అల్యూమినియందో మెత్తటి వాషర్ ఉంటుంది. ఒకసారి బిగిస్తే నలిగి కూర్చుంటుంది, ఆయిల్ మార్చిన ప్రతిసారీ కొత్తది వేయాలి. పాతదే వేస్తే సన్నగా కారవచ్చు. దాన్ని ఆపాలని బలంగా తిప్పితే ఛాంబర్ మరలే పోతాయి. ఫిల్టర్‌కైతే రబ్బరు రింగు ఉంటుంది. పాత ఫిల్టర్ విప్పినప్పుడు దాని రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోతే, గమనించకుండా దాని మీదే కొత్త ఫిల్టర్ బిగించేస్తారు. రెండు రింగుల మధ్య నుంచి ఆయిల్ తన్నుకొస్తుంది. ఇలా అయితే మామూలుగా చుక్కలతో ఆగదు, ధారే కడుతుంది. మీ విషయంలో ఇది కాకపోవచ్చు. అయినా చూడటానికి ఎంతోసేపు పట్టదు. ఫిల్టర్ చుట్టూ, బోల్టు చుట్టూ శుభ్రంగా తుడిచి, ఇంజిన్ ఐదు నిమిషాలు నడిపి, వేలితో తడిమి చూడటమే. సైలెన్సర్ పైపు దగ్గర్లో ఉంటే చేయి కాలుతుంది, జాగ్రత్త. దగ్గర్లోనే ఆయిల్ ప్రెషర్ స్విచ్ కూడా ఉంటుంది. బొటనవేలంత భాగం. దాని వైరు ప్లగ్ పీకి చూస్తే లోపల ఆయిల్ ఉందంటే అది కారుతున్నట్టే. మార్చడం తేలిక.

ఆ సర్వీసింగ్‌లోనే ఆయిల్ ఎక్కువ పోశారేమో కూడా చూడాలి. డిప్‌స్టిక్ మీద పై గీత బాగా దాటి ఉంటే, తిరిగే క్రాంక్ ఆయిల్‌ని చిలికి నురుగు చేస్తుంది, లోపలి గ్యాస్ పోయే బ్రీదర్ గుండా ఆయిల్ బయటికి పోతుంది, సీళ్ల మీద ఒత్తిడి పడుతుంది. ఎక్కువైంది తీసేయించండి. ఎలాగూ కారిపోతోందిగా అని వదిలేయకండి.

కాలిన వాసన గురించి. ఆయిల్ కారే బండిలో మామూలుగా వేడి ఎగ్జాస్ట్ మీద ఆయిల్ పడితే ఆ వాసన వస్తుంది. చాలా ఇంజిన్లలో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి వేడి పొగ బయటికొచ్చే మొదటి గొట్టం) ట్యాపెట్ కవర్‌కి కాస్త కిందనే ఉంటుంది. కాబట్టి పైన ఇంకా కారుతోందేమోనన్న అనుమానం దీనితో బలపడుతుంది. ప్యాకింగ్ మార్చినప్పుడు ఎగ్జాస్ట్ మీద ఒలికిన ఆయిలే అయితే రెండు మూడు రోజులు తిరిగాక వాసన పోవాలి. పోలేదంటే ఇంకా పడుతోందన్నమాట. మిగతా వాటికి సమయం తీసుకోవచ్చు గాని దీనికి వద్దు. బానెట్ సందుల్లోంచి పొగ కనిపిస్తే బండి ఆపేయండి. ఎగ్జాస్ట్ మీద ఆయిల్ పడి నిప్పు అంటుకోవడం అరుదే గాని, జరగనిది కాదు.

ఇప్పుడు అసలు పని: కడిగి వెతకడం. ఏ మెకానిక్ చేసినా, మీరే చేసుకున్నా పద్ధతి ఒకటే. ఇంజిన్ పూర్తిగా చల్లారాక ఆల్టర్నేటర్‌కి, ఫ్యూజ్ బాక్సుకి, గాలి పీల్చే పైపుకి ప్లాస్టిక్ కవర్లు కట్టి, డీగ్రీజర్ కొట్టి, బ్రష్‌తో రుద్ది, మెల్లగా నీళ్లతో కడగాలి. ప్రెషర్ వాషర్ వద్దు, అది నీళ్లని కనెక్టర్లలోకి తోసేస్తుంది. బాగా ఆరాక 20 కిలోమీటర్లు నడిపి, టార్చితో పై నుంచి కిందికి చూస్తూ రావాలి. మొదట మెరిసే చోటే దొంగ. తెలియకపోతే మళ్లీ 20. అనుమానం ఉన్న అతుకుల మీద టాల్కం పౌడర్ పలచగా చల్లితే, ఆయిల్ పొడుచుకొచ్చిన చోట తెల్లటి పొర మీద ముదురు గీత స్పష్టంగా దిగుతుంది. ఫ్యాన్లు, బెల్టులు ఉన్న వైపు మాత్రం పౌడర్ జోలికి పోవద్దు. అంతకంటే కచ్చితమైనది యూవీ డై, అంటే అతినీలలోహిత కాంతిలో మెరిసే రంగు. ఇంజిన్ ఆయిల్‌లో కొద్దిగా కలిపి కొన్నాళ్లు తిరిగి, చీకట్లో యూవీ లైటు వేస్తే కారిన దారంతా పసుపుపచ్చగా వెలుగుతుంది. సందు ఎంత సన్నదైనా దాక్కోలేదు. రాత్రి బండి కింద పెద్ద అట్ట పరిచి, ముందు చక్రాలు ఎక్కడున్నాయో దాని మీద గుర్తు పెడితే, పొద్దున చుక్క ఇంజిన్‌లో ఏ భాగం కింద పడిందో తెలుస్తుంది. అట్ట మీద రంగు కూడా చూడండి. గోధుమ రంగు నుంచి నలుపు దాకా ఉంటే ఇంజిన్ ఆయిల్, ఆకుపచ్చో గులాబీ రంగో నీళ్లలా ఉంటే కూలెంట్. చిక్కగా ఉండి గంధకం కంపు కొడితే గేర్ ఆయిల్. అలా అయితే పోయింది క్రాంక్ సీల్ కాదు, గేర్‌బాక్స్ సీల్. ఆ కంపు ఒక్కటే మొదటి మెకానిక్ మాటని సగం మార్చేస్తుంది. బండి కిందికి దూరాల్సి వస్తే ఒట్టి జాకీని నమ్మి దూరకండి, స్టాండ్లు పెట్టాలి.

సీల్ మార్చమనే ముందు బ్రీదర్ చూపించుకోండి. చాలామంది దీన్ని వదిలేస్తారు, నాకు మాత్రం పాత బండి అనగానే ముందు దీని మీదికే పోతుంది అనుమానం. ఇంజిన్ లోపల పేరుకునే గ్యాస్‌ని బయటికి లాగే పీసీవీ వాల్వ్ మడ్డి పట్టి మూసుకుపోతే, లోపలి ఒత్తిడి ఎక్కడ సందు దొరికితే అక్కణ్ణుంచి ఆయిల్‌ని తోస్తుంది. ఒక సీల్ మారిస్తే ఇంకో సీల్ దగ్గర మొదలవుతుంది. పరీక్ష సులువు. ఇంజిన్ స్లోలో నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి, ఆ నోటి మీద పలచటి కాగితం పెట్టండి. మెల్లగా లోపలికి అంటుకుంటే బ్రీదర్ పనిచేస్తున్నట్టు. కాగితాన్ని ఎగరగొడుతుంటే ఒత్తిడి ఉన్నట్టు. మూత తీయగానే కొన్ని ఇంజిన్లు కాస్త తడబడతాయి, కంగారు పడకండి. వాల్వ్ మార్చడం ఇంజిన్ పనుల్లోకెల్లా చిన్నది. పైపులు మాత్రం పెళుసెక్కి ఉంటే విప్పేటప్పుడు విరుగుతాయి. వాల్వ్ కొత్తదైనా కాగితం ఎగురుతూనే ఉంటే, పిస్టన్ రింగుల నుంచి గ్యాస్ దిగుతోందేమో కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి) చూపించాలి. అక్కడ లెక్క మారుతుంది.

ఇంత చూశాక మీ ముందు కొన్ని దారులు ఉంటాయి.

బావగారు చెప్పినట్టు పోసుకుంటూ తిరగొచ్చు. మీరు కోపంలో కొట్టిపారేశారు గాని, అది మరీ తెలివితక్కువ సలహా ఏం కాదు. చెమర్చినట్టు తడిగా ఉండి నెలకి గీతలో సన్నటి వాసి తగ్గితే, చాలామంది మెకానిక్కులు కూడా వదిలేయమనే అంటారు. వారం వారం డిప్‌స్టిక్ చూడాలి, కంపెనీ చెప్పిన గ్రేడ్ ఆయిలే పోయాలి. మీకున్నట్టు ఎగ్జాస్ట్ మీద పడుతుంటే ఈ దారి కుదరదు. వాల్వులనీ క్రాంక్‌నీ జతగా తిప్పే టైమింగ్ బెల్టు మీద పడినా కుదరదు. ఆయిల్ తగిలిన బెల్టు త్వరగా పాడై తెగితే, కొన్ని ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకి గుద్దుకుని మొత్తం హెడ్డే విప్పాల్సి వస్తుంది. క్రాంక్ వెనక సీల్ ఆయిల్ క్లచ్ ప్లేటుకి చేరితే ఎత్తులెక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తుంది గాని బండి కదలదు. అప్పుడు క్లచ్ ప్లేటు కూడా మార్చాలి.

రెండో దారి, చిన్నవన్నీ ముందు తేల్చుకోవడం. వాషర్, ఫిల్టర్ రింగు, ప్రెషర్ స్విచ్, బ్రీదర్, ట్యాపెట్ కవర్ మళ్లీ బిగింపు. కడిగి, ఒక్కొక్కటీ చూసి, ఒకటి మార్చాక కొన్నాళ్లు ఆగి మళ్లీ చూడటం. ఓపిక కావాలి, బండి రెండు మూడుసార్లు షెడ్డుకి వెళ్లాలి. నేనైతే ఇదే ఎంచుకుంటాను. ఇవన్నీ కలిపినా గేర్‌బాక్స్ దించే ఖర్చులో కొంత భాగమే.

మూడోది గేర్‌బాక్స్ దించడం. సీల్ చిన్న రబ్బరు రింగే, దానికి అయ్యే ఖర్చంతా కూలీదే. పైనేదీ కారడం లేదని డైతో తేలి, అతుకు నుంచి మాత్రమే వస్తుంటే అది చేయించక తప్పదు. అప్పుడు సగం పని చేయించకండి. అదే విప్పుడులో క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, గేర్‌బాక్స్ ముందు సీల్ కూడా చూపించండి. మీ బండి 90,000 తిరిగింది, క్లచ్ సగానికి పైగా అరిగి ఉండొచ్చు. మళ్లీ ఏడాదికి అదే గేర్‌బాక్స్ దించడం ఎందుకు? ఒప్పుకునే ముందు, దించాక తడి సీల్‌ని ఫొటో తీసి పంపమని అడగండి.

లీకేజీ ఆపే మందులు దొరుకుతాయి కదా అని మీరు చివర్లో అడిగారు. అవి గట్టిపడిన రబ్బరుని కాస్త మెత్తబరిచి ఉబ్బిస్తాయి. క్రాంక్ సీల్ సన్నగా చెమరుస్తుంటే కొన్నాళ్లు పనిచేయొచ్చు. చిరిగిన ప్యాకింగ్‌కి, వదులు బోల్టుకి చేసేదేమీ ఉండదు. ఏం కారుతోందో తెలియక ముందే పోస్తే, తర్వాత వెతకడం ఇంకా కష్టం. చిక్కటి ఆయిల్ పోయమనే సలహా వినకండి. చలిలో స్టార్ట్ చేసినప్పుడు అది పైకి ఆలస్యంగా చేరుతుంది, కొత్త తరం ఇంజిన్లలో వాల్వ్ టైమింగ్ మెకానిజం సతాయిస్తుంది.

ఇక బావగారు. కడిగించి ఇచ్చారు కాబట్టి దాచారన్నది మీ ఆవిడ వాదన. అమ్మే బండిని ఎవరైనా కడిగిస్తారు. ఆయనకి తెలుసా లేదా అన్నది నేను చెప్పలేను గాని, లీకేజీ ఎన్నాళ్లదో బండే కొంత చెబుతుంది. కడగక ముందే గేర్‌బాక్స్ అడుగున, నీళ్లు అందని మూలల్లో గోరుతో గీకి చూడండి. దుమ్మూ ఆయిలూ పొరలు పొరలుగా కలిసి తారులా గట్టిపడి, గీకితే పెచ్చులు ఊడుతుంటే అది ఏళ్ల నాటిది. పలచగా తడిగా ఉండి వేలికి నూనె అంటితే ఈ మధ్యదే. ఒకవేళ పాతదే అయినా, ఆదివారం పూట కాసేపు తిరిగే బండి అంతగా వేడెక్కదు, నేల మీద అంతగా కార్చదు. కదలకుండా ఎక్కువ రోజులు నిలబడ్డ బండి సీళ్లు ఎండిపోయి, రోజూ 60 కిలోమీటర్లు వేడి ఆయిల్ తగలగానే బయటపడటం మామూలే. ఆయనకి కనపడకపోయి ఉండొచ్చు, కనపడినా పాత బండ్లన్నీ ఇంతే అని నిజంగానే అనుకుని ఉండొచ్చు. మీతో అన్న మాట కూడా అదే కదా. డబ్బు అడగడమా, మానడమా అన్నది మీ ఇంటి లెక్క. అడగాలనే అనుకుంటే కారణం తేలాక, బిల్లు చేతిలో ఉంచుకుని, సగం మీరు పెట్టుకుంటారా బావగారూ అని అడగడం ఒక పద్ధతి. ఇప్పుడే, ఏం కారుతోందో తెలియకుండా, మోసం చేశారని అడిగితే ఆ మాట వెనక్కి తీసుకోలేరు. డ్రైన్ బోల్టు వాషరే దోషి అని రేపు తేలితే అది మీరు చేయించిన సర్వీసింగే కదా. అక్కతో మాట్లాడటానికి మాత్రం ఈ పరీక్షలేవీ అయ్యేదాకా ఆగనక్కర్లేదు.

అమ్మేయడం గురించి ఒక్క మాట. ఇప్పుడున్న స్థితిలో అమ్మితే బాగా నష్టపోతారు. ఇంజిన్ కింద తడి చూసినవాళ్లు ఎప్పుడూ పెద్ద రిపేరునే ఊహించుకుని బేరం ఆడతారు, మీ దగ్గర దాన్ని కాదనడానికి ఏ ఆధారమూ ఉండదు. ముందు రెండో దారిలోని పనులు చేయించి, నెల రోజులు నడిపి చూడండి. ఆగిపోతే మీకు అమ్మే అవసరమే కనిపించకపోవచ్చు. ఆగకపోయినా అప్పటికి ఏది మార్చారో, ఏది మిగిలిందో కాగితం మీద ఉంటుంది. కొనేవాళ్లకి అదే చూపించి, మిగిలిన పనికి తగ్గట్టు ధర తగ్గించి అమ్మండి.